చూడ్డానికొచ్చిన నర్సు

గుడ్డ కమిలిన వాసన వచ్చేదాకా నళినికి ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయిందన్న సంగతి తెలియలేదు.

"మనసు యాడున్నది నీకు? పీహెచ్‌డీ అంటే అంగీలు కాలవెట్టుడా?" అన్నాడు భర్త జగదీశ్వర్.

"నలభై దాటినంక గీ చదువేంది? ఉన్న నౌకరి సాలదా?" టీవీ ముందు నుంచి అత్తగారు శివవ్వ అందుకుంది.

నళిని ఇంకో చొక్కా తీసింది. మధ్యాహ్నం యూనివర్సిటీలో పీహెచ్‌డీ కమిటీ ముందు నిలబడి మరాఠీలో మాట్లాడాలి. ఏళ్ల తరబడి కాన్పుల వార్డులో నర్సుగా పనిచేసి, సెలవు పెట్టి, అలాంటి వార్డు మీదే ఇప్పుడు సమాజశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. కాన్పయ్యాక తల్లిని ఎవరు చూసుకుంటారన్నది విషయం. మూలన కూర్చుని చూడాలి, రాసుకోవాలి, ఎవరినీ ముట్టుకోకూడదు. అది గైడ్ గజానన్ సర్ పెట్టిన షరతు.

జనాబాయి దగ్గర ఆ షరతు తప్పింది. మాండవి అనే ఊరి నుంచి జీపులో వచ్చిన చిన్నపిల్ల. బిడ్డ పుట్టాక గోడవైపు తిరిగి పడుకుంది. డ్యూటీ నర్సు పక్కగదిలో మరో కాన్పు చేస్తోంది. ఉన్నట్టుండి జనాబాయి పెదవులు తెల్లబడ్డాయి, పక్కబట్ట రక్తంతో తడిసిపోతోంది. నళిని చేతిలో పెన్ను అలాగే ఉంది. నేనిక్కడ నర్సును కాదు, చూడ్డానికొచ్చాను అనుకుంది. అలా అనుకుని ఆగిన ఆ కాస్త సేపే ఆమెను ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడేలా చేస్తోంది. తర్వాత కేక వేసి డాక్టర్ని పిలిచింది. గర్భసంచి గట్టిపడేదాకా అరచేత్తో పొట్ట రుద్దుతూనే ఉంది. జనాబాయి బతికింది.

ఆ రోజును థీసిస్‌లోంచి తీసెయ్యమన్నారు గజానన్ సర్. "ఒక్క పేజీ తీస్తే ఏం పోతది? డిగ్రీ అచ్చుడు ముఖ్యం," అన్నాడు జగదీశ్వర్.

కమిటీ ముందు నళిని ఆ పేజీ తెరిచింది. తీసేస్తే అడిగేవారుండరు. కానీ పెన్ను పట్టుకుని ఆగిపోవడం కూడా జరగనట్టే అయిపోతుంది. చూస్తూ చూస్తూ మనిషి ఎందుకు ఆగిపోతుందో తనకు తెలిసింది అక్కడే కదా.

"ఆ రోజు నేను చూడ్డం మానేసి పనిచేశాను సర్," అంది మరాఠీలో. "అంతకుముందు భయపడి ఆగాను కూడా. రెండూ రాస్తాను."

గజానన్ సర్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. పక్కనున్న కమిటీ మేడమ్, "మీరు నర్సా, పరిశోధకురాలా?" అని అడిగింది.

"నర్సును కాకపోతే ఆమె పెదవులు నాకు కనపడేవి కావు మేడమ్. పరిశోధన చెయ్యకపోతే, ఎందుకాగానని నన్ను నేను అడిగేదాన్ని కాదు."

అధ్యాయం మొత్తం తిరగరాయమన్నారు. ఇంకో ఏడాది పడుతుందన్నారు.

"ఏడాదా? అయితే ఇడిసిపెట్టు," అన్నాడు జగదీశ్వర్, ఇంటికొచ్చి ఆ మాట చెప్పిన ఆమె ఇంకా చెప్పులైనా విప్పకముందే.

"ఇడువ. పొద్దుమూకితే నేను లైబ్రరీల ఉంట. ఇంట్ల పని మీరు జూస్కోవాలె."

శివవ్వ టీవీ శబ్దం తగ్గించింది. నళిని లోపలికెళ్లి తలుపేసుకుంది. మరాఠీలో రాసిన అధ్యాయం తెరిచి, 'సంశోధిక', అంటే పరిశోధకురాలు, అని ఉన్నచోటల్లా కొట్టేసి 'మీ' అని రాయసాగింది. తెలుగులో ఆ మాట ఎప్పుడూ ఎదుటివాళ్లదే. మరాఠీలో మాత్రం 'మీ' అంటే నేను.