మూత మీది పసుపు

నా భార్య తమ్ముడు కాంతారావుది అవనిగడ్డ. కోడూరు పొలాల నుంచి గుడివాడకు వరిగడ్డి తోలుతూ, తన పాత లారీతోపాటే అతనూ ముసలివాడయ్యాడు. ఈ మధ్య దాని బ్రేకు పెడల్ మెత్తబడుతోంది. తొక్కితే తడిసిన దూది మీద కాలు వేసినట్టు దిగిపోతుంది. మెకానిక్ గొట్టాల్లోని గాలి తీసినప్పుడల్లా గట్టిపడుతుంది, వారం తిరక్కుండా మళ్లీ మెత్తబడుతుంది. రబ్బర్లు మార్చినా ఫలితం లేకపోయింది. ఒకనాడు వంతెన దిగుతూ లారీ సమయానికి ఆగలేదు. అది విన్న అతని భార్య సుమలత ఆ పూట అన్నం ముట్టలేదు. ఇంకొక్కసారి మెత్తబడితే లారీని తుక్కుకిచ్చేస్తానని అతను ఆమెకు మాటిచ్చాడు.

ఆదివారం ఉదయం మెత్తబడింది. తుక్కు కొనేవాడు సాయంత్రం వస్తానన్నాడు.

"మీ హేతువాదం బ్రేకులకేమన్నా పనికొస్తుందేమో చూద్దురుగాని, రండి బావగారూ," అని కాంతారావు ఫోన్ చేశాడు. భౌతికశాస్త్రం బోధించి రిటైరైన నేను బందరులో బస్సెక్కాను.

నూనె కారిన జాడ ఎక్కడా లేదు. మరి గాలి ఎలా చొరబడుతోంది? డ్రైవరు కాళ్ల కింది పలక ఎత్తించి, బ్రేకు ఆయిల్ డబ్బా మూత తిప్పాను. డబ్బా సన్నగా గాలి పీల్చుకున్న చప్పుడైంది. మూతకు గాలి ఆడే సూదిబెజ్జం ఉండాలి. అది ఉండవలసిన చోట ఎండిపోయిన పసుపు ముద్ద, దాని నడుమ కుంకుమ బొట్టు ఉన్నాయి. నూనె దిగినప్పుడల్లా పైనుంచి గాలి అందక, డబ్బాలో పుట్టే లాగుడు చక్రాల దగ్గరి రబ్బర్ల సందుల్లోంచి గాలిని తెచ్చుకుంటోంది.

కాంతారావు గొంతు తగ్గించాడు. "మా సుమలత ప్రతి శుక్రవారం పెడుతుందండీ. లారీ ప్రాణమంతా ఆ డబ్బాలోనే ఉందని నేనే చెప్పాను."

మెకానిక్ కూడా ఆ బొట్టును కళ్లకద్దుకుని, చెరిగిపోకుండా మూత తీసి పెట్టేవాడట.

ఏళ్ల తరబడి సభల్లో చెప్పడానికి నేను వెతికిన ఉదాహరణ ఇదే. ఇంతలో సుమలత కాఫీ తెచ్చింది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. లోపం దొరికిందా అని అడిగింది.

"దొరికిందమ్మా. మూత బెజ్జంలో మట్టి పూడింది," అన్నాను.

ఆమె మూత వైపు, తన ఉంగరం వేలి వైపు చూసుకుంది. "మట్టి పచ్చగా ఉంటుందా అన్నయ్యగారూ?"

కాంతారావు అందుకున్నాడు. "ఇకమీదట పెడల్‌కి పెట్టు సుమలతా. నేను కాలు మోపేది దానిమీదే కదా."

ఆమె లోపలికి వెళ్లి సూది తెచ్చి, బెజ్జాన్ని తానే శుభ్రం చేసింది. ఇక గాలి తీయాలి. అందుకు ఒకరు పైన పెడల్ తొక్కాలి. నేను లేవబోతుంటే ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని డ్రైవరు సీటెక్కింది. కాంతారావు చక్రం పక్కన పడుకుని, తొక్కమని, అలాగే పట్టుకోమని, వదలమని చెబుతూ ఒక్కొక్క చక్రమే ముగించాడు. నేను డబ్బాలో నూనె పోస్తూ ఉండిపోయాను.

చివరి చక్రం అయ్యాక ఆమె పెడల్‌ను మళ్లీ మళ్లీ తొక్కి చూసింది.

"ఏమైంది?" అన్నాడు కింద నుంచి.

"దిగడం లేదండీ," అంది సుమలత. అయినా పెడల్ మీది నుంచి కాలు తీయలేదు.

సాయంత్రం వచ్చిన తుక్కు మనిషికి కాఫీ ఇచ్చి పంపేశారు. నన్ను బస్టాండు దాకా లారీలోనే తీసుకెళ్లారు. సుమలత మా ఇద్దరి మధ్య కూర్చుంది. దారిలో అవసరం లేకపోయినా కాంతారావు బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. దిగేటప్పుడు గమనించాను: శుక్రవారం ఇంకా రాలేదు గాని, అతని కుడి అరికాలు అప్పటికే పచ్చగా ఉంది.