పగటి నిద్రకు హాజరు

మా మావయ్యగారు జైల్లో వార్డరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయనైతే రిటైరయ్యారు గానీ ఆయన కాళ్ళు ఇంకా కాలేదు. కాసేపు కూర్చుంటే చాలు, లేచి ఇల్లంతా ఓ చుట్టు చుట్టి, తలుపుల గడియలన్నీ లాగి చూసి మళ్ళీ కుర్చీలో కూలబడతారు. అదీ పట్టపగలు. మా ఇంట్లో దొంగలకు పనికొచ్చేవి నా కుట్టుమిషనూ, పొట్టి చేయమని జనం ఇచ్చిపోయిన ప్యాంట్లూ తప్ప ఇంకేమీ లేవు.

పోయినేడు అత్తయ్య పోయాక ఆయన మాటలు బాగా తగ్గించేశారు. తోడుగా ఉంటుందని మా ఆయన తన అక్క ఇంటి నుంచి ఒక కుక్కపిల్లను తెచ్చారు. మా ఆయన బస్సు నడుపుతారు. ఇంట్లోనూ అదే తీరు, ఎవర్నీ అడగకుండా ఎక్కించుకొచ్చేస్తారు. మావయ్యగారు దాన్ని ఎగాదిగా చూసి, నాకెందుకురా ఇది అన్నారు. సాయంత్రానికల్లా దాన్ని “కొత్తోడు” అని పిలుస్తున్నారు. జైలుకు కొత్తగా వచ్చినవాళ్ళందరికీ ఆయన పెట్టిన పేరే అది.

కొత్తోడు మూరెడు లేడు గానీ మాకు తలప్రాణం తోకకు తెచ్చాడు. టేపు కొరికాడు, చీపురు కొరికాడు, కొరకడానికి ఏమీ దొరక్కపోతే నా మడమ కొరికాడు. సాయంత్రం అయ్యేసరికి కళ్ళెర్రగా చేసుకుని, సోఫా చుట్టూ పిచ్చెక్కినట్టు తిరిగేవాడు. పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, వీడికి పొగరూ లేదు, రోగమూ లేదు, నిద్ర చాలడం లేదంది. పసిపిల్లల్లాగే పగలు కూడా చాలాసేపు పడుకోవాలట. కాసేపు ఆడించి, బయటికి తీసుకెళ్ళి పని కానిచ్చి, క్రేట్‌లో, అంటే కుక్కల బోనులో పెట్టి, పైన దుప్పటి కప్పి వదిలేయాలి. తనంతట తను లేచేదాకా పలకరించకూడదు.

మా ఆయన ఇనుప ఊచల క్రేట్ ఒకటి కొనుక్కొచ్చారు. దాన్ని చూసి మావయ్యగారు మొహం గంటు పెట్టుకుంటారనుకున్నాను. ఆయన మాత్రం వంగి గడియ లాగి చూసి, ఇది గట్టిది కాదు, మా దగ్గర అయితే వెనక్కి పంపేవాళ్ళం అన్నారు. మిషను చప్పుడు ఉండదని క్రేట్‌ను వెనక గదిలో, ఆయన కుర్చీ పక్కనే పెట్టాం. డ్యూటీ ఆయనదే. ఆడించడం, బయటికి తిప్పడం, లోపల పెట్టడం, దుప్పటి కప్పడం, ఒక్కటీ తప్పేది కాదు.

అయినా కొత్తోడు బాగుపడలేదు సరికదా, ఇంకా ముదిరాడు. పొట్టి చేయమని ఒక బ్యాంకాయన ఇచ్చిన ప్యాంటును నాకంటే ముందు వాడే పొట్టి చేశాడు, అదీ ఒక కాలు మాత్రమే. అదే రోజు డ్యూటీ దిగి వచ్చి సోఫాలో వాలిన మా ఆయన బొటనవేలు పట్టుకున్నాడు. ఆయన ఒంటికాలి మీద లేచారు, ఆ రెండో కాలు వాడి నోట్లో ఉంది మరి. ఇంక లాభం లేదు, ఆదివారం అక్కకు తిరిగిచ్చేస్తానని తేల్చేశారు.

మావయ్యగారు “మీ ఇష్టం” అని ఊరుకున్నారు. కానీ ఆ పూట భోజనం సగంలో వదిలేసి, వెనక గదిలోకి వెళ్ళి కొత్తోడి తువ్వాలు మడత పెడుతూ కూర్చున్నారు. అది అప్పటికే మడతల్లో ఉంది. వాడు వెళ్ళిపోతే ఈ మనిషి మళ్ళీ మూగబోతాడని నాకు భయం వేసింది. అది కనిపించనిది ఇంట్లో మా ఆయన ఒక్కరికే.

మర్నాడు మధ్యాహ్నం మిషను బెల్టు తెగింది. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు వినపడింది, వెనక గదిలో కుర్చీ కిర్రుమనడం, చెప్పుల చప్పుడు, గడియ టకటకమని ఊగడం. తర్వాత మావయ్యగారి గొంతు.

“ఒరేయ్ కొత్తోడా, ఉన్నావా?”

కుయ్‌మని జవాబొచ్చింది. “ఆఁ, సరే. పడుకో” అని ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. కాసేపటికి మళ్ళీ కుర్చీ కిర్రుమంది, మళ్ళీ గడియ, మళ్ళీ ఉన్నావా. ఇలా వాడికి పగలంతా హాజరు వేస్తుంటే వాడు నిద్రపోయేదెప్పుడు? ఇన్నాళ్ళూ నా మిషను మోతలో ఈ భాగోతం నా చెవిన పడలేదు.

నవ్వాపుకోలేక వెళ్ళాను. ఏం మావయ్యగారూ, వీడేమైనా సొరంగం తవ్వుతున్నాడా, ఇన్నిసార్లు చూస్తున్నారు అని ఆటపట్టించాను. ఆయన నవ్వలేదు. గడియ మీద చెయ్యి అలాగే ఉంచి, నా వైపు చూడకుండా చెప్పారు.

“మీ అత్తయ్య కూడా పగలే పడుకుందమ్మా. గోడవైపు తిరిగి పడుకుంది. నేనిక్కడే పేపరు చదువుకుంటున్నాను. నిద్రపోతోంది కదా, లేపడమెందుకనుకున్నాను. ఒక్కసారి పిలవాల్సింది.”

మధ్యాహ్నం నేను నడుం వాల్చినప్పుడల్లా గుమ్మం దగ్గర దగ్గి, మంచినీళ్ళు ఎక్కడున్నాయమ్మా అని ఈయన ఎందుకు అడుగుతారో అప్పుడు తెలిసింది. కోడలు కాస్త పడుకుంటే ఓర్వలేరని మా ఆయన చెవిలో ఏడాదిగా పోరుతున్నది నేనే. ఆయనేమో నేను పలుకుతానా లేదా అని చూసి వెళ్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన ఇంకా నలిగిపోతారని దుప్పటి సర్దే పనిలో పడ్డాను.

కుర్చీ వైపు దుప్పటిని పైకి మడిచి పిన్నులు పెట్టాను. కుర్చీని ఇంకొంచెం దగ్గరికి జరిపాను.

“పిలవకండి మావయ్యగారూ. పొట్ట చూడండి. అది ఆడుతుంటే వాడు హాజరే.”

ఆయన కళ్ళజోడు తుడిచి పెట్టుకుని వంగి చూశారు. కొత్తోడి బుజ్జి పొట్ట ఎగిరి పడుతోంది. ఆ మధ్యాహ్నమంతా ఆయన కదలలేదు, వాడూ కదలలేదు. సాయంత్రం లేచి ఒళ్ళు విరుచుకుని వచ్చి నా మడమ నాకాడు. కొరుకుతాడేమోనని నేను అప్పటికే బల్లెక్కబోతున్నాను.

ఆదివారం మా ఆయన బుట్ట పట్టుకుని వెనక గదికి వెళ్ళారు. నిద్రపోతున్నాడురా, లేచాక మాట్లాడు అన్నారట మావయ్యగారు. సరే, లేవనీ అని మా ఆయన సోఫాలో కూర్చుని, అక్కడే గుర్రు పెట్టారు. లేచాక, ఆ రోజు నుంచి మళ్ళీ వేలు కొరకలేదు కదా, చూద్దాంలే అని బుట్టను అటక మీద పడేశారు. ఆ బుట్ట ఇంక దిగదని నాకు తెలుసు.

మొన్న మధ్యాహ్నం దారం మార్చడానికి మిషను ఆపాను. వెనక గదిలో అలికిడి లేదు. వెళ్ళి చూస్తే దుప్పటి కింద కొత్తోడు పొట్ట పైకి పెట్టి నిద్రపోతున్నాడు. కుర్చీలో మావయ్యగారి తల పక్కకు వాలిపోయింది. పేపరు గుండెల మీద పరుచుకుని ఉంది. ఎంతసేపు చూసినా దాని కింద కదలిక తెలియలేదు. లేపకూడదనుకుంటూనే గొంతు తగ్గించి పిలిచాను.

“మావయ్యగారూ... ఉన్నారా?”

ఆయన కళ్ళు తెరవలేదు.

“ఉన్నానమ్మా. మెల్లగా మాట్లాడు, వాడు లేస్తాడు.”