శ్యామలమ్మ ఇచ్చిన నోటీసు

అద్దె పెంచాలంటే మూడు నెలల ముందే కాగితం మీద రాసి ఇవ్వాలని వకీలు చెప్పేసరికి శ్యామలమ్మకు పెద్ద చిక్కే వచ్చిపడింది. ఆమెకు సంతకం తప్ప ఇంకేమీ రాయడం రాదు. రెజిమెంటల్ బజార్‌లోని తన ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఆమె కాగితాలన్నీ రాసిపెట్టేది మేడమీద అద్దెకుండే మేబెల్ టీచరే. ఇప్పుడు పెంచాల్సింది ఆ టీచరు అద్దే.

రెండు రోజులు తటపటాయించి, చివరికి మెట్లెక్కింది.

"నీకియ్యాల్సిన నోటీసే, టీచరమ్మా. జెర నువ్వే రాసియ్యి. ఐదొందలు పెంచుతున్ననని."

మేబెల్ నవ్వి కళ్లద్దాలు పెట్టుకుంది. "మొన్ననే కదండీ మోటరు మార్పించారు, ఐదొందలు ఏం సరిపోతాయి?" అంటూనే గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం కోసం కాగితం ముందుకు జరిపింది.

శ్యామలమ్మ పెన్ను పట్టుకుని ఆగిపోయింది. "అక్షరాలు రాకుంటే ఏందీ, అంకెలు నాకెరుకే. వెయ్యి అని ఎవరు రాయమన్నరు?" అని ఆ అంకెను అడ్డంగా కొట్టేసింది.

"అయ్యో, కొట్టివేతలుంటే నోటీసు చెల్లదండీ!"

"చెల్లకుంటే పాయె." శ్యామలమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గాలికి టకటకమంటున్న కిటికీ సందులో గట్టిగా దోపింది. "వచ్చే ఏడు మళ్ల రాద్దాం తియ్యి."