కేసు మీదేసుకునేటోడు

పోశయ్య దొంగ కాదు. కొట్లాటలకు పోయే రకం అంతకన్నా కాదు. కోడిని కోయమంటే చేయి వణికే మనిషి. అయినా పదకొండేళ్ళలో ఏడు కేసులు అతని పేరు మీద ఉన్నాయి, ఏడింటిలోనూ నేరం ఒప్పుకున్నాడు. అదే అతని పని మరి. వరంగల్ స్టేషన్ రోడ్డు నుంచి మండి దాకా మట్కా, గుడుంబా, గోదాముల దొంగతనాలు నడిపించిన ఇమాం పాషా ఉస్తాద్ ముఠాలో ఒక్కొక్కరిది ఒక్కో పని. పోలీసులకు దొంగ కావలసి వచ్చిన ప్రతిసారీ వెళ్ళి, "నేనే చేసిన సార్" అని చేతులు కట్టుకుని నిలబడటం పోశయ్య పని.

పెళ్ళైన కొత్తలో ఈ సంగతి తెలిసి అతని భార్య మొగిలమ్మ వర్ధన్నపేటలో పుట్టింటికి వెళ్ళిపోయింది. కానీ పెద్దలు నచ్చజెప్పి తిరిగి పంపాక చూస్తే, మొగుడు లోపలున్న ఆర్నెల్లూ వారం తప్పకుండా బియ్యం, పప్పు, కిరసనాయిలు ఇంటికొచ్చాయి. వకీలును ఉస్తాదే పెట్టాడు. జైలు దగ్గరికి తీసుకెళ్ళి మొగుణ్ణి చూపించడానికి రిక్షా కూడా ఆయనే పంపాడు.

"సర్కారు నౌకరి గూడ గింత పక్కగ ఉండదే" అని పోశయ్య మురిసిపోయేవాడు. ఆమె కూడా, నిజం చెప్పొద్దూ, అలవాటు పడిపోయింది. పొయ్యి వెలుగుతుంటే ఎవరు మాత్రం తరచి తరచి అడుగుతారు?

ఆ రోజులు పోయాయి. ఎమర్జెన్సీలో ఉస్తాద్ మనుషులు సగం మంది లోపలికి పోయారు. బయటికొచ్చాక కొందరు బొంబాయి దారి పట్టారు, కొందరు సారా కంట్రాక్టర్ల జీపులెక్కారు. ఆ తర్వాత ఊళ్ళో గోడల మీద ఎర్ర అక్షరాలు లేచాయి. తగవులు తీర్చమని ఉస్తాద్ గడప తొక్కేవాళ్ళు అన్నల వైపు చూడటం మొదలుపెట్టారు. పోయినేడు ఉస్తాద్‌కు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఇదంతా పోశయ్య కళ్ళ ముందే జరిగింది. చూస్తే కదా!

"ఉస్తాద్ జర రెస్టు తీసుకుంటాండు, గంతే" అనేవాడు. రెస్టట! ముఠా మొత్తం మట్టిలో కలిసిపోతే ఈ మహానుభావుడికి అది రెస్టులాగా కనిపించింది.

ఎనభై మూడు ఎండాకాలం. మండిలో ఒక మిర్చి గోదాము కాపలాదారును ఎవరో తల పగలగొట్టారు. ఆ మర్నాడు పొద్దున్నే గోపాల్ వచ్చాడు. ఒకప్పుడు ఉస్తాద్‌కు కుడిభుజం.

"పోశన్నా, కొట్లాట కేసు. మూడు నెల్లు. ఉస్తాద్ మాట."

అంతే. ఉస్తాద్‌ను ఒక్కమాట అడిగి వస్తానన్న ఆలోచన కూడా పోశయ్యకు రాలేదు. ఉతికిన అంగీ తొడుక్కుని, దేవుడి పటానికి దండం పెట్టుకుని, నౌకరీకి పోయినట్టు ఠాణాకు పోయాడు. అక్కడ గోదాము గురించి నోరు తెరవగానే లోపలేశారు.

దవాఖానలో ఊడ్చే సోమక్క మర్నాడు తెల్లవారుతూనే మొగిలమ్మ గుమ్మంలో నిలబడింది.

"మొగిలీ, గా కాపలాయన సచ్చిపోయిండే. ఇగ గది ఖూనీ కేసు. పదకొండింటికి నీ పెనిమిటిని కోర్టుకు తీస్కపోతరట. గా జడ్జి ముంగట గూడ ఒప్పుకున్నడనుకో, ఇగ బతికున్నన్ని దినాలు జైలే."

 మొగిలమ్మ జుట్టు ముడేసుకుంటూనే గోపాల్ కోసం పరుగెత్తింది. అతను చౌరస్తాలో సారా కంట్రాక్టర్ జీపులో ముందు సీట్లో కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"గోపాలన్నా, మా ఆయనను జర బయటికి తియ్యి. కొట్టింది నువ్వని ఊరంత అంటాంది..."

"ఎవలమ్మా నువ్వు?" అన్నాడు గోపాల్. పదేళ్ళు ఆమె చేతి అన్నం తిన్న మనిషి! జీపు కదిలిపోయింది. మొగిలమ్మ ఆ దుమ్ములోనే నిలబడి వాడి వంశం మొత్తాన్నీ తిట్టిపోసింది. తిట్లతో పనేమవుతుంది? అప్పుడే తొమ్మిదైంది.

శివనగర్‌లో ఉస్తాద్ ఇంటి ముందు ఒకప్పుడు చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. ఇవాళ తలుపు దగ్గర పిల్లి కూడా లేదు. లోపల ఆయన భార్య సాబిరా చాప మీద కూర్చుని బీడీలు చుడుతోంది. మంచం మీద ఇమాం పాషా, ఆ నిలువెత్తు మనిషి, సగమైపోయి ఉన్నాడు.

మొగిలమ్మ చెప్పింది వింటూ ఆయన కుడి చేత్తో మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు.

"నా మాటని చెప్పిండా వాడు? అల్లా కసం బిడ్డా, నాకెర్కనే లేదు. వాడు నా మొకం చూసి ఏడాదైంది."

"గయితే ఠాణాకొచ్చి గా ముచ్చట చెప్పుండ్రి అయ్యా. గోపాలే కొట్టిండని చెప్పుండ్రి. మీ కాళ్ళు మొక్కుత."

ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. ముప్పై ఏళ్ళు ముఠాను నిలబెట్టింది ఒకే కట్టుబాటు. ప్రాణం పోయినా పోలీసుల ముందు మనవాడి పేరు చెప్పకూడదు. ఆ తప్పు చేసినవాణ్ణి సొంత తమ్ముడని కూడా చూడకుండా ఆయన ఊరు దాటించాడు. అలాంటి మనిషిని ఈ వయసులో ఆ తప్పు చేయమంటోంది ఈమె.

"గోపాల్ మనోడా?" సాబిరా బీడీ ఆకు పక్కన పడేసింది. "ఏడాదిల ఒక్కనాడన్న నిన్ను చూడనీకి వచ్చిండా? గీ పిల్ల మొగడు ఏడు మాట్ల నీ కోసం జైలుకు పోయిండు. ఎవడు మనోడు? చెప్పు."

ఆయన పట్టె ఊతంగా పట్టుకుని మెల్లగా లేచి కూర్చున్నాడు.  చివరికి ఆయన, "నా అంగీ తియ్యి" అన్నాడు.

ఆడవాళ్ళిద్దరూ చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని రిక్షా ఎక్కించారు. మొగిలమ్మ పక్కన కూర్చుని దారి పొడవునా ఆయన పడిపోకుండా పొదివి పట్టుకుంది. ఠాణా మెట్లెక్కడానికి పది నిమిషాలు పట్టింది. లోపల ముసలి జమేదారు రాజమల్లు ఆయన్ని చూడగానే అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. ఎస్సై తలెత్తేసరికి గబుక్కున కూర్చున్నాడు.

ఎస్సై కుర్రాడు, కోస్తా వైపు వాడు, కొత్తగా వచ్చాడు. "ఎవరీ తాత?" అన్నాడు.

ఆ మాటకు కటకటాల వెనకనుంచి పోశయ్య ఉలిక్కిపడి లేచాడు. ఉస్తాద్‌ను చూసి అతని ముఖం వెలిగిపోయింది. మొగిలమ్మకు ఆ వెలుగు చూసి భయమేసింది.

"సార్, నా పేరు ఇమాం పాషా. గీ పోశయ్య ఎన్నడు ఎవ్వన్ని కొట్టలేదు." ఉస్తాద్ మాట కాస్త ముద్దగా వచ్చినా గట్టిగానే వచ్చింది. ఆగాడు.  చెమట గడ్డం మీదికి కారుతోంది. "కొట్టింది గోపాల్."

రాజమల్లు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. ఎస్సై కలం కింద పెట్టి పోశయ్య వైపు తిరిగాడు.

"ఏవయ్యా, నిజవేనా? నువ్వక్కడ లేనని ఒక్క ముక్క చెప్పు చాలు. ఇప్పుడే ఆ గోపాల్‌ను పట్టుకొస్తాను."

'చెప్పు, చెప్పు' అని మొగిలమ్మ రెండు చేతులూ జోడించింది.

పోశయ్య ముఖం నల్లబడిపోయింది. అతను చూస్తున్నది మొగిలమ్మను కాదు, ఎస్సైనీ కాదు. పోలీసుల ముందు తలదించుకుని నిలబడ్డ ఉస్తాద్‌ను.

"అబద్ధం సార్!" అని అరిచాడు. "ఉస్తాద్‌కు పక్షవాతమొచ్చి దిమాక్ ఖరాబైంది. గాయిన ఎవ్వని పేరు చెప్పడు సార్, పానం పోయినా చెప్పడు. అడుగుండ్రి ఊళ్ళె ఎవ్వన్నన్న! నేనే కొట్టిన. కట్టెతోని మూడు దెబ్బలు కొట్టిన. జడ్జి ముంగట గూడ గదే చెప్త."

"ఒరే పోశిగా!" ఉస్తాద్ కాలీడ్చుకుంటూ వెళ్ళి కటకటాలు పట్టుకున్నాడు. "నాకెవ్వరు లేర్రా. వకీలు లేడు, మంది లేరు. సాబిరా బీడీలు చుడితే తింటాన్న. గీసారి నిన్ను బయటికి తెచ్చేటోడు లేడురా, నా మాటిను!"

పోశయ్య మెల్లగా నవ్వాడు. వంగి, ఎస్సైకి వినపడకుండా, "ఎర్కే ఉస్తాద్, పోలీసోళ్ళ ముంగట గట్లనే చెప్పాలె. ఫికర్ చెయ్యకు. నీ ఇజ్జత్ నేను పోనియ్య" అన్నాడు.

ఉస్తాద్ నుదురు ఇనుప కమ్మీకి ఆనించి ఏడ్చాడు. ఎస్సై విసుగ్గా చేతి గడియారం చూసుకుని జీపు తెమ్మన్నాడు. మొగిలమ్మ ఒక్క ఉదుటున వెళ్ళి కమ్మీల సందులోంచి చేయి పెట్టి మొగుడి చెంప పగలగొట్టింది. పదకొండేళ్ళ కాపురంలో అదే మొదటిసారి.

పోశయ్యకు కోపం రాలేదు. చెంప తడుముకుంటూ ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఏడుస్తవేందే పిచ్చిదానా? ఉస్తాదే సొంతంగ ఠాణాకొచ్చిండు, నా కోసం. గిన్నేండ్లల ఎవ్వనికోసమన్న వచ్చిండా?"