తప్పు చెప్పినా పట్టుకోని అక్క

ఎలుకల నరాలు కోసి, కుట్టి, అవి మళ్లీ పెరిగేటప్పుడు నొప్పి ఎందుకు పుడుతుందో చూడడం నా పని. నొప్పి నోరు నొక్కడానికే ఇన్నేళ్లూ కష్టపడ్డాను. అలాంటిది ల్యాబులో గాజు జాడీ పగిలి నా కుడి మణికట్టులోనే నరం తెగింది. కుట్టారు. అప్పటినుంచి నొప్పి ఎప్పుడొస్తుందా అని కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాను. నరం పెరుగుతోందన్న కబురు ముందుగా తెచ్చేది అదే మరి.

మా అక్కకి బ్యూటీ పార్లర్ ఉంది. మధ్యాహ్నాలు దానికి తాళం వేసి నా దగ్గరికి వచ్చేది. కిటికీ పక్క కుర్చీలో నేను, ఎదురుగా స్టూలు మీద అక్క. పరదా గాలికి ఉబ్బేది, తగ్గేది. ఎండ నా అరచేతిలో పడి ఉండేది, నాకు తెలిసేది కాదు. కళ్లు మూసుకుంటే మణికట్టులోంచి సన్నని తీగలు పందిరి వెతుక్కుంటూ పాకుతున్నట్టు కనిపించేవి. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వాటి వెనకే నేనూ నడిచేదాన్ని.

ఒకరోజు బొటనవేలి మొదట్లో సూదులు గుచ్చినట్టయింది.

"నొప్పి! అక్కా, నొప్పే!" అని కుర్చీలోంచి లేచాను.

అక్క మాత్ర కోసం పరుగెత్తింది. "నీకేమన్నా పిచ్చి పట్టిందటే? ఏడవాల్సిందానికి ఆ నవ్వేంటి?"

"మాత్రా వద్దు, గీత్రా వద్దు. దాన్ని కాసేపు ఉండనివ్వు."

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. తెగిన నరంలోని పోగులు పెరిగేటప్పుడు దారి తప్పుతాయి. చూపుడు వేలికి పోవాల్సింది నడిమి వేలికి పోతుంది. ఎవరు ఎక్కడ తాకారో మెదడు మళ్లీ ఓనమాల నుంచి నేర్చుకోవాలి. అందుకే రోజూ నేను కళ్లు మూసుకునేదాన్ని, అక్క పెన్సిల్ రబ్బరుతో ఒక వేలిని తాకేది, అది ఏ వేలో నేను చెప్పేదాన్ని. మొదట్లో అన్నీ తప్పులే. పోనుపోను "కరెక్టే" అనడం ఎక్కువైంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మైక్రోస్కోపు కింద నరం కుట్టేటప్పుడు దారం బిగువు వేలికొసకి తెలియాలి, లేకపోతే నరం నలిగిపోతుంది. ఆ చెయ్యి నాకు తిరిగొచ్చిందనుకుని, సోమవారం ఎలుక ఆపరేషన్‌కి వచ్చేస్తానని ప్రొఫెసర్ గారికి మాటిచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం అలా కళ్లు మూసుకుని ఉండగానే కునుకు పట్టింది. కలలో తీగ వేలి చివరికంటా పాకింది. ఎవరో దాని కొసని మెత్తగా నొక్కారు.

"నడిమి వేలు," అన్నాను.

"కరెక్టే," అంది అక్క.

కళ్లు తెరిచాను. పెన్సిల్ కిటికీ గట్టు మీద ఉంది. అక్క ఒళ్లో గిన్నె పెట్టుకుని, రెండు చేతులతో బఠాణీలు ఒలుస్తోంది. నన్ను ఎవరూ తాకనేలేదు.

ఒళ్లు మండిపోయింది. "ఎన్నాళ్లనుంచి ఈ నాటకం?"

అక్క తల దించుకుంది. "నువ్వు తప్పు చెప్పినప్పుడల్లా నీ మొహం చూడలేకపోయానే."

"రేపు నేను కత్తి పట్టుకోవాలి! నా ప్రయోగమంతా సర్వనాశనం చేశావు కదా!"

"ప్రయోగాలు నాకేం తెలుసు? నాకు నా చెల్లెలు తెలుసు, అంతే!" గిన్నె విసురుగా కింద పెట్టింది. గింజలు గది నిండా దొర్లాయి. ఇద్దరిలో ఎవ్వరమూ ఏరలేదు.

నాకు ఏడుపొచ్చింది. చెయ్యి రాలేదని కొంత, వచ్చేసిందని ఇన్నాళ్లూ గాల్లో తేలినందుకు కొంత. ఎడమ చేత్తో ఫోన్ తీసి, రేపు రాలేనని ప్రొఫెసర్ గారికి చెప్పాను. ఎప్పటికి రాగలనో కూడా తెలియదన్నాను. ఆయన ఆ ఆపరేషన్ ఇంకొకరికి అప్పగిస్తానన్నారు.

పెన్సిల్ తీసి అక్క చేతిలో పెట్టాను.

"ఈసారి నిజం చెప్పకపోతే చంపేస్తాను."

"సరేలేవే తల్లీ, ముందు కళ్లు మూసుకో."

మూసుకున్నాను. పరదా గాలికి ఉబ్బింది. ఎక్కడో, నీళ్ల అడుగున అన్నట్టు, ఏదో తగిలింది.

"బొటనవేలు," అన్నాను.

పెన్సిల్ వణుకుతోంది. అది ఏ వేలి మీద ఉందో నాకు తెలియలేదు గానీ వణుకు మాత్రం తెలిసింది.

"తప్పు," అంది అక్క.

"మళ్లీ," అన్నాను.