ఫ్రేములో ఫార్మసిస్టు

"నువ్వెలాగూ ఖాళీయేగా సుస్మితా, చేపలు దగ్గరుండి కోయించుకురా" అంది అత్తగారు మాణిక్యమ్మ. తెల్లారి లేచి టిఫిన్లు, గిన్నెలు, బట్టలు ముగించి అప్పుడే మొహం తుడుచుకున్న సుస్మిత సంచీ అందుకుంది. బీఫార్మసీ చదివిందని ఏరికోరి కోడలిగా తెచ్చుకున్నారు ఆమెను. పెళ్ళైన ఏడాదికే వన్ టౌన్‌లోని వాళ్ళ మందుల షాపు లైసెన్సులో ఫార్మసిస్టుగా ఆమె పేరెక్కింది. "కౌంటర్లో నిలబడే ఖర్మ నీకెందుకు, నీ సర్టిఫికెట్ అక్కడుంటే చాలు" అన్నాడు భర్త సిద్ధార్థ, ప్రేమగానే. ప్రేమగా అన్నాడు కాబట్టే ఆమె సరేనంది. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని తెలిసినప్పుడు మాత్రం తెల్లకోటు వేసుకుని ఆటోలో వెళ్ళి స్టూలు మీద కూర్చునేది. ఆయన అటు వెళ్ళగానే ఇటు ఇంటికొచ్చి కుక్కర్ పెట్టేది.

మార్కెట్లో నాంచారమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉంది. బందరు వైపు మనిషి. ఆమె నోటికి బేరమాడేవాళ్ళే కాదు, పక్క అంగళ్ళవాళ్ళూ జడిసేవారు. ఇవాళ ఆమె దగ్గర మాటే లేదు. కళ్ళు సగం మూసుకుపోయి ఉన్నాయి, చేతులు మాత్రం కదులుతున్నాయి. చేపతోపాటు వేళ్ళు కూడా కత్తి అంచుదాకా వెళ్ళి, ఎవరో గుర్తు చేసినట్టు ఆగి వెనక్కి వస్తున్నాయి. ఆమె భర్త బంగార్రాజు పక్కనే తూకం వేస్తున్నాడు.

"నాంచారమ్మా, చెయ్యి జాగ్రత్త."

నాంచారమ్మ మెల్లగా తలెత్తింది. సుస్మిత మొహాన్ని చాలాసేపు చూసింది. తడి చెయ్యి చీరకు తుడుచుకుని, పాలు కాగాయో లేదో చూసినట్టు ఒక్క వేలితో ఆమె మణికట్టు ముట్టుకుంది.

"వెచ్చగానే ఉందే" అని గొణుక్కుంది. "నువ్వు పోయావు గదమ్మా."

"ఎక్కడికి పోయాను?"

"అట్టా అడిగితే నేనేం చెప్పేది తల్లీ. మందుల షాపులో నీ ఫొటోకి దండేశారుగా, పెద్దాయన పక్కన."

సుస్మితకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే బంగార్రాజు వైపు చూసింది. అతను నవ్వడం లేదు. తూకపు రాయి చేతిలో పట్టుకుని, రెప్పవేయకుండా ఆమెనే చూస్తున్నాడు. ఆమె డబ్బులివ్వబోతే చెయ్యి చాపలేదు. "అక్కడ పెట్టండమ్మా" అని చెక్క పలక చూపించాడు.

"నువ్విచ్చే మాత్తర్లే ఏసుకుంటన్నా" అంది నాంచారమ్మ. "నాకు నోరెక్కువైందని ఈయనే తెచ్చి మింగిత్తాడు. వద్దంటే, ఆ ఫొటోలో అమ్మగారు చదువుకున్నావిడ, ఆవిడ పేరు మీదే ఇత్తన్నారు, మింగవే అంటాడు. మింగితే ఒకటే నిద్దర. నిద్దర్లో నువ్వు కనపడతావు. తలకాడ నిలబడతావు గానీ మాట్టాడవు."

"దానికి మతి లేదండి" అన్నాడు బంగార్రాజు.

నాంచారమ్మ చేప కడుపులోంచి తీసిన గుడ్ల జన జాగ్రత్తగా ఆకులో చుట్టి సంచీలో పెట్టింది. "తిను తల్లీ. అక్కడ ఎవురు పెడతారు నీకు" అంది. పోయిందనుకున్న మనిషి ఆకలి గురించి కూడా తలచిన ఆ చల్లటి చేతిని సుస్మిత ఒకసారి పట్టుకుని వదిలింది. ఇంట్లో ఆమెను తిన్నావా అని అడిగినవాళ్ళెవరూ గుర్తుకు రాలేదు.

ఆమె ఇంటికి వెళ్ళలేదు. సందు దాటి షాపు ఎదుటి అరుగు దగ్గర ఆగింది. లోపల గోడ మీద దేవుడి పటాలు, వాటి పక్కన పోయిన మామగారు, ఆయన పక్కన ఆమె. సర్టిఫికెట్‌తోపాటు పెద్దది చేయించి పెట్టిన ఫొటో. షాపు తెరవగానే పటాలన్నిటికీ వేసినట్టే దానికీ బంతిపూల దండ వేశారు, అద్దం మీద నుదుటి దగ్గర కుంకుమ బొట్టు పెట్టారు, కింద అగరువత్తి వెలిగించారు. ఇన్‌స్పెక్షన్ రోజుల్లో ఇవేవీ ఉండేవి కావు. ఒక ముసలాయన మందులు తీసుకుని వెళ్తూ వెళ్తూ ఆ ఫొటోకి దండం పెట్టాడు. తనకు తెలియకుండా తన మొహం ఎన్నాళ్ళుగా ఇక్కడ కూర్చుని జనానికి మందులిస్తోందో! ఇంట్లో గిన్నెలు తోముతున్నది ఎవరు, ఇక్కడ ఇస్తున్నది ఎవరు? ఒక్క క్షణం ఆమెకు నిజంగానే తెలియలేదు. తన మణికట్టు తానే పట్టి చూసుకుంది.

కౌంటర్ దగ్గరికి వెళ్ళి, వెనకున్న భర్తను అడిగింది. "బంగార్రాజుకి నిద్రమాత్రలు ఎవరిస్తున్నారండీ?"

"నువ్వే" అని నవ్వాడు సిద్ధార్థ. "అంతా నీ పేరు మీదేగా."

"డాక్టర్ చీటీ ఉందా?"

"ఎప్పుడో రాసింది ఉందిలే. పెళ్ళాం అరుపులకి నిద్ర లేదని గోలపెట్టాడు పాపం. ఎండలో ఏంటిది, ఇంటికెళ్ళు. అమ్మ భోజనం వేళైంది."

"ఆ దండేంటి?"

"లక్ష్మీదేవివి నువ్వు. దండ వేస్తే తప్పా?"

"నేను పోయాననుకుంటున్నారు అందరూ."

"అనుకోనీ. మేడమ్ ఏరీ, మేడమ్ ఏరీ అని అడిగే గొడవ తప్పింది."

అది కూడా ప్రేమగానే అన్నాడు. మందు రాసే అధికారం డాక్టరుదని, చీటీ లేకపోతే ఇవ్వనని చెప్పే బాధ్యత ఫార్మసిస్టుదని కాలేజీలో మాస్టారు చెప్పిన పాఠం ఆమెకు గుర్తొచ్చింది. ఆ ఇవ్వను అనే మాటను చదువుకుని వచ్చి, ఇన్నేళ్ళలో ఎవరితోనూ ఒక్కసారి కూడా అనలేదు. కౌంటర్ పలక ఎత్తి లోపలికి వెళ్ళింది. చేపల సంచీ భర్త చేతికిచ్చి, "పసుపూ ఉప్పూ వేసి కడగాలి, వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళండి" అంది. దండ తీసింది. కుంకుమ తుడిచింది. ఫొటో కింద స్టూలు మీద కూర్చుంది.

కాసేపటికి బంగార్రాజు వచ్చాడు. మెట్టు మీద కాలు పెట్టి, పైనున్న మొహాన్నీ కిందనున్న మొహాన్నీ చూసి అక్కడే ఆగిపోయాడు.

"నాంచారమ్మ మాత్రలకేగా?" అంది సుస్మిత. "చీటీ లేకుండా ఇవ్వను. ఇన్నాళ్ళు మింగింది ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. ఇప్పుడే ఆమెను పెద్దాసుపత్రికి తీసుకురండి, నేనూ వస్తాను. ఎందుకు మింగించారో డాక్టరుకి నేనే చెబుతాను."

"ఇన్నాళ్ళూ మీరే గదండి ఇచ్చింది?"

"నేను ఇవ్వలేదు. చూడనైనా లేదు. అదే నా తప్పు."

బంగార్రాజు సిద్ధార్థ వైపు తిరిగాడు. "సార్, మీరైనా చెప్పండి."

సిద్ధార్థ చెయ్యి అప్పటికే మాత్రల సొరుగు మీద ఉంది. కొనడానికి వచ్చినవాళ్ళు ముగ్గురూ చూస్తున్నారు. సుస్మిత గొంతు పెంచలేదు.

"ఆయన చెప్పడానికి లేదు బంగార్రాజు గారూ. ఆయన ఫార్మసిస్టు కాదు. ఇక్కడ ఆయన ఒక మందు ఎవరి చేతిలోనైనా పెట్టాలంటే, చట్టం ప్రకారం నన్ను అడగాలి."