రోజుకెన్ని బిళ్ళలు

"బిళ్ళేసుకుని పో, అదే సర్దుకుంటాది" అంది అత్త మాలకొండమ్మ, కోడలి మొహం వైపు చూడకుండానే.

అప్పటికి సుభాషిణి అంట్లు తోమింది, అన్నం వార్చింది, మొగుడికి క్యారియర్ కట్టింది. ఒళ్ళు కాగిపోతోంది. ముగ్గు వేయడానికి వంగితే కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. అది చూసి మొగుడు పెంచలప్రసాద్ నవ్వాడు. "ఏమే, పొద్దన్నే డాన్సులా?" అని బండి తీసి రొయ్యల చెరువు మీదికి పోయాడు. అక్కడ అతని పని మేత చల్లడం. ఒక్క రొయ్య నీరసంగా తేలినా అతనికి అన్నం సయించదు. నీళ్ళు సీసాలో పట్టుకుని ల్యాబుకు పరిగెత్తుతాడు, మందు ఎంత పోయాలో ఇద్దరినడిగి, కొలిచి మరీ పోస్తాడు.

సుభాషిణిది ఇందుకూరుపేట దాటాక రోడ్డు పక్క షెడ్డులో రొయ్యలు వలిచే పని. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పొద్దంతా నిలబడాలి. ఒకరోజు మానితే సూపర్‌వైజరు ఆ చోట ఇంకొకరిని నిలబెడతాడు. అందుకని ఆమె పక్కవీధి అంగట్లో పారాసిటమాల్ షీటు కొనుక్కుంది. ఒకటి మింగితే జ్వరం గంటలో దిగింది, మళ్ళీ ఎక్కింది. ఇంకొకటి మింగింది. ముక్కు కారుతుంటే పక్కన వలిచే ఆమె జలుబు బిళ్ళలిచ్చింది. చేతి కీళ్ళు సలుపుతుంటే అత్త తన మోకాళ్ళ నొప్పుల బిళ్ళలు రోజుకి రెండు తుంచి ఇచ్చింది. ఇన్నేళ్ళలో అత్త చేత్తో ఇచ్చింది అదే గదా అనుకుని కళ్ళకద్దుకుని మింగింది సుభాషిణి. నాలుగు రోజులు అట్టాగే గడిచాయి. నోటికి చేదు, అన్నం దిగేది కాదు. ఉత్త కడుపున మజ్జిగ తాగి బిళ్ళ, టీ తాగి బిళ్ళ. పెళ్ళయిన కొత్తలో ఒకసారి జ్వరమొచ్చి పడుకుంటే మొగుడన్న మాట ఆమెకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. "మా అమ్మ పురుడు పోసుకున్న మూడోనాడు నాట్లకు పోయింది. నువ్వేం మహారాణివా?" ఆ తర్వాత ఆమె పగటి పూట మంచం ఎక్కలేదు. ఒళ్ళు చెప్పే మాట వినకుండా ఉండడానికి బిళ్ళ సాయం చేసేది, అంతే.

అయిదో రోజు వలుస్తూ వలుస్తూనే వాంతి చేసుకుంది. "సరుకు మీద పడితే ఎవరమ్మా జవాబు చెప్పేది? ఇంటికి పో" అన్నాడు సూపర్‌వైజరు. ఆమె ఇంటికి పోలేదు. కుడిపక్క డొక్క కింద ఎవరో గుచ్చుతున్నట్టుంది. ఇంటికి పోతే అత్త పసరు తాగమంటుంది. సబ్‌సెంటరులో నర్సు ఉషారాణి ఉంటుందని గుర్తొచ్చి, ఆగి ఆగి అక్కడికి నడిచింది.

ఉషారాణి ఆమె కింది రెప్ప లాగి చూసింది. పచ్చగా ఉంది.

"ఏమేం మింగినావక్కా? రోజుకెన్ని?"

సుభాషిణి కొంగు ముడి విప్పి మూడు రకాల షీట్లూ బల్ల మీద పెట్టింది. "ఇయ్యి రోజుకి ఆరు. జలుబుకి మూడు. నొప్పులకి రెండు. యేరే యేరే బిళ్ళలే గదమ్మా?"

ఉషారాణి షీట్లు తిప్పి, వెనకాల చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు చదివింది. చదివే కొద్దీ ఆమె గొంతు తగ్గింది. "మూడింట్లోనూ ఉండేది అదే మందక్కా. పేర్లే యేరు. ఈ పెద్ద బిళ్ళ రోజుకి నాలుగు దాటకూడదు, ఒక్కోదానికి ఆరు గంటలు ఎడం ఉండాల. దీన్తో పాటు ఇంకో జలుబు బిళ్ళ, నొప్పుల బిళ్ళ మింగేముందు ఇదే మందుందేమో అడగాల. నువ్వేమో బక్కపల్చటి మనిషివి, తిండి కూడా లేదు. మూడు రోజులకీ జ్వరం తగ్గకపోతే నా దగ్గరికి రావాల్సింది గదా?"

"పని ఉండింది" అంది సుభాషిణి.

ఉషారాణి 108కి ఫోన్ చేసింది.

నెల్లూరు ఆసుపత్రిలో సెలైన్‌లో విరుగుడు మందు ఎక్కిస్తూ డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "లివర్ బాగా దెబ్బతినింది. ఈ మందు మొదటి రోజే పడుంటే బాగుండేది. రెండు రోజులు గడిస్తేగానీ ఏమీ చెప్పలేను."

బిళ్ళలు ఎక్కువ మింగిన కేసు కాబట్టి వాంగ్మూలం తీసుకోడానికి సాయంత్రం కానిస్టేబుల్ ముత్యాలయ్య వచ్చాడు. అంతకు ముందే పెంచలప్రసాద్ మంచం పక్కకి వంగి గుసగుసగా అన్నాడు. "చచ్చేదానికి మింగినావని ఊరంతా అనుకుంటుండారు. మా అమ్మ తలెత్తుకోలేకుండా ఉండాది. పొరపాటున మింగినానని చెప్పు. ఇంకేం వాగబాక." ఆమె మొహం ఎంత పచ్చబడిందో అతను చూడలేదు. ఊరు తన గురించి ఏమంటుందో అదొక్కటే అతని కళ్ళలో ఉంది. సుభాషిణి అదంతా చూస్తూ పడుకుంది. ఆశ్చర్యంగా, ఆమెకు ఏడుపు రాలేదు.

"ఇంట్లో గొడవలేమన్నా ఉన్నాయామ్మా? చచ్చిపోదామని మింగినావా?" అడిగాడు ముత్యాలయ్య.

"లేదు సార్."

పెంచలప్రసాద్ వెంటనే అందుకున్నాడు. "పొరపాటున సార్. చదువు లేని మనిషి."

ముత్యాలయ్య అట్టాగే రాసి కాగితం ఆమె ముందుకు జరిపాడు. సుభాషిణి దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. పెన్ను తీసుకోలేదు.

"ఇది ఆయన మాట సార్. నా మాట రాయండి."

"ఏమని రాయాలమ్మా?"

ఆమె మొగుడి వైపు తిరిగింది. "నువ్వు బయటికి పో" అంది. పన్నెండేళ్ళ కాపురంలో అతనికి ఆమె చెప్పిన మొదటి పని అది. అతను కదల్లేదు. ముత్యాలయ్య తలుపు వైపు చెయ్యి చూపిస్తే అప్పుడు కదిలాడు.

"రాయండి సార్. చచ్చేదానికి మింగలేదు. ఒక్కరోజు పడుకుంటానంటే ఒప్పుకునేవాళ్ళు లేక మింగినాను."

ముత్యాలయ్య పాత వాక్యం కొట్టేసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు. సెలైను సూది ఉన్న చేత్తోనే ఆమె దాని కింద సంతకం పెట్టింది.